అడుగుల లెక్కకు అందని బొమ్మ

*ఫ్లెక్సీ చదరపు అడుగు ఎంతో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ఆ ఫ్లెక్సీ మీది బొమ్మకు ఎంత ఇవ్వాలంటే మాత్రం ఎవరి దగ్గరా లెక్క లేదు. మామిడి సీజన్‌లో హనుమాన్ జంక్షన్‌లో మొదలైన ఒక బేరం వెంట వెళితే...*

మే నెల. పొద్దున్న తొమ్మిదికే హనుమాన్ జంక్షన్ సెంటర్లో ఎండ చురుక్కుమంటోంది. ఆంజనేయస్వామి గుడి దగ్గర గుడివాడ బస్సు కోసం జనం నిలబడ్డారు. నూజివీడు రోడ్డు మీంచి కాయల ట్రేలతో ట్రాలీ ఆటోలు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. రోడ్డు వార బుట్టల్లో గడ్డి పరిచి చిన్న రసాలు ఒక పక్క, బంగినపల్లి ఒక పక్క పేర్చారు. ఆ సందడికి కాస్త ఎడంగా ఒక చిన్న షాపు ఉంది. షట్టరు మీద పేరు వెలిసిపోయి, చివర 'ఆర్ట్స్' అన్న మాట ఒక్కటే చదవడానికి మిగిలింది.

లోపల గోడవారగా ఎండిపోయిన ఎనామిల్ డబ్బాలు. వాటి పక్కన కుర్చీలో ముప్పై ఏళ్లకు పైగా బోర్డులు రాసిన పెద్దాయన. బల్ల దగ్గర టాబ్లెట్ మీద స్టైలస్‌తో ఆయన కూతురు. ఎదురుగా ఒక మామిడి వ్యాపారి. ఈసారి కాయను మార్కెట్‌కు తోలకుండా అయిదు కిలోల అట్టపెట్టెల్లో నేరుగా హైదరాబాద్ ఇళ్లకు పంపాలని ఆయన ఆలోచన. పెట్టె మీదికి బొమ్మ కావాలి.

"చిన్న బొమ్మే కదమ్మా. ఒక కాయ, రెండాకులు. దానికి పదిహేను వేలా?"

"కాయ మీ తోటదే అయ్యుండాలన్నారు కదండీ. తోటకొచ్చి, చెట్టు మీద చూసుకుని వేస్తాను."

"మీ నాన్నగారిని అడుగు. మా షాపు బోర్డు ఎనిమిది వందలకు రాశారు, ఇదే సెంటర్లో."

పెద్దాయన కుర్చీలోంచి మెల్లగా అన్నారు. "అది బోర్డండీ. ఇది బొమ్మ."

వ్యాపారి ఫోన్ తీశారు. మేనల్లుడు ఏఐలో చేసి పంపాడట, అర నిమిషంలో వచ్చిందట. బొమ్మ నిగనిగలాడుతోంది. నీటి చుక్కలు, వెనక సూర్యోదయం, కాయకు ఎర్రటి బుగ్గ. అమ్మాయి ఫోన్ చేతిలోకి తీసుకుని కాసేపు చూసింది. "బంగినపల్లికి పండినా ఎరుపు రాదు కదండీ. పసుపే. మీ పెట్టె విప్పినాయనకు లోపల వేరే కాయ కనిపిస్తుంది" అంది. ఆయన ఫోన్ వెనక్కి తీసుకుని తనూ మళ్లీ చూసుకున్నారు. బేరం ఆ పూట తెగలేదు.

ఇలాంటి బేరాలు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ నడుస్తున్నాయి. 2025 మార్చి చివర్లో చాట్ జీపీటీలో కొత్త బొమ్మల సదుపాయం వచ్చి, జనమంతా తమ ఫొటోలను జపాన్ ఘిబ్లి స్టూడియో సినిమాల తరహాలో మార్చుకుని వాట్సాప్ స్టేటస్‌లు నింపేశాక, బొమ్మ అంటే ఊరికే వచ్చేది అన్న అభిప్రాయం బలపడింది. పెళ్లి పిలుపుకు బొమ్మ, పుస్తకానికి ముఖచిత్రం, హోటల్ గోడకు పెయింటింగ్, ఊరగాయ సీసాకు లేబుల్... ఏది అడిగినా ఆర్టిస్టు రేటు చెప్పగానే అవతలి మనిషి ముఖంలో ఒకే ప్రశ్న కనిపిస్తుంది. ఇంత ఎందుకు?

ఆ ప్రశ్న తప్పేమీ కాదు. డబ్బు ఇచ్చేవాడికి అడిగే హక్కుంది. జవాబు ఓపిగ్గా చెప్పుకోవాల్సినదే.

అడుగు ఇంత అన్న అలవాటు

బొమ్మను చదరపు అడుగుల్లో కొలవడం మనకు ఫ్లెక్సీ నేర్పలేదు, అంతకుముందు నుంచే ఉంది. గోడరాతలకు, షాపు బోర్డులకు, సినిమా బ్యానర్లకు అడుగుల లెక్కే. అందులో న్యాయం కూడా ఉండేది. గోడ పెద్దదైతే రంగు ఎక్కువ పడుతుంది, నిచ్చెన ఎక్కువసార్లు ఎక్కాలి, ఎండలో ఎక్కువ గంటలు నిలబడాలి. పని పెరిగిన కొద్దీ డబ్బు పెరిగేది.

బోర్డు రాయడం చూసినవాళ్లకు తెలుసు అది ఎంత నిదానమైన పనో. ముందు రేకు మీద ప్రైమర్, ఆ మీద రెండు పూతలు. దారానికి సుద్ద పట్టించి, రెండు చివర్లా బిగించి పట్టుకుని టప్పున వదిలితే నిఖార్సయిన గీత పడుతుంది. ఆ గీతల మధ్య అక్షరాలు. తెలుగు అక్షరంలో గుండ్రనిదే ఎక్కువ కాబట్టి బ్రష్‌ను వేళ్ల మధ్య తిప్పుతూ లాగాలి, మధ్యలో ఆపితే అతుకు కనిపిస్తుంది. తలకట్టు ఎక్కడ మొదలవ్వాలో, వత్తుకు కింద ఎంత చోటు వదలాలో అంతా కంటితో లెక్కే.

"ఎలక్షన్లొస్తే పెయింటర్లమందరం హోటల్లో కూర్చుని అడుగుకు ఇంత అనుకునేవాళ్లం. దానికి తగ్గి ఎవరూ రాసేవాళ్లు కాదు" అన్నారు షాపు పెద్దాయన. చేతినిండా పనున్న రోజులు అవి. లారీల వెనక తలుపుల మీద నెమళ్లు, కొబ్బరిచెట్లు. విజయవాడ థియేటర్ల ముందు చేత్తో వేసిన బ్యానర్లు. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్లిన ఈశ్వర్ 1967లో బాపు 'సాక్షి'తో మొదలుపెట్టి వందల సినిమాలకు పబ్లిసిటీ డిజైన్లు చేసిందీ ఆ కాలంలోనే. తర్వాత ఆయనే 'సినిమా పోస్టర్' అని పుస్తకం రాసి ఆ లోకాన్ని భద్రపరిచారు.

గోడల మీద రాతలకు 1997లో వచ్చిన బహిరంగ ప్రదేశాల వికృతీకరణ నివారణ చట్టం కొంత కళ్లెం వేసింది. ఆ తర్వాత ఫ్లెక్సీ యంత్రాలు వచ్చాయి. రెండు రోజుల బోర్డు పావుగంటలో బయటికి వచ్చేసింది. రకాన్ని బట్టి ఇప్పుడు ఫ్లెక్సీ చదరపు అడుగు సుమారు పది నుంచి ఇరవై రూపాయలకు దొరుకుతోంది. డిజైన్‌కు ప్రత్యేకంగా డబ్బు అడిగేవాళ్లు తక్కువ. ప్రింటు వేయించుకుంటే డిజైన్ ఉచితం.

నా దృష్టిలో అసలు దెబ్బ అక్కడ తగిలింది. పెయింటర్ కాలంలో అడుగు రేటులో బొమ్మ గీసే నేర్పు, రంగు, కూలి అన్నీ కలిసి ఉండేవి. ఫ్లెక్సీ వచ్చాక అడుగు రేటులో మిగిలింది షీటు ఖరీదు, ఇంకు ఖరీదు మాత్రమే. నేర్పు లెక్కలోంచి జారిపోయింది. జారిపోయిందని ఎవరూ గమనించలేదు, ఎందుకంటే అడుగు అన్న మాట అలాగే ఉంది.

2022 ఆగస్టు 26న విశాఖలో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి రాష్ట్రంలో ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తామని ప్రకటించారు. నవంబరు 1 నుంచి అన్నది, తర్వాత 2023 జనవరి 26కు వాయిదా పడింది. ఆ కొద్ది నెలలూ గుడ్డ బ్యానర్ల మాట మళ్లీ వినిపించింది. మూలన పడేసిన బ్రష్‌లను కిరసనాయిల్లో నానబెట్టిన పెయింటర్లు ఉన్నారు. అయినా ఫ్లెక్సీ ఎక్కడికీ పోలేదు. జంక్షన్‌లో ఏ కరెంటు స్తంభం చూసినా ఆ సంగతి తెలుస్తుంది.

పదిహేను వేలు ఎటు పోతాయి?

ఇప్పుడు ఆ అమ్మాయి చెప్పిన రేటు విప్పి చూద్దాం. ఆమె నోటు పుస్తకంలో ఈ లెక్క వేసుకునే మాట్లాడుతుంది.

ఇల్లు గడవడానికి నెలకు ముప్పై వేలు. టాబ్లెట్, కంప్యూటర్ వాయిదాలకు నాలుగు వేలు. సాఫ్ట్‌వేర్ చందా, నెట్టు, కరెంటుకు మూడు వేలు. ఆరోగ్య బీమాకు, పక్కన వేసుకోవడానికి మూడు వేలు. మొత్తం నలభై వేలు. ఉద్యోగికి ఆఫీసు కుర్చీ, కంప్యూటర్, పీఎఫ్, సెలవు జీతం కంపెనీయే చూసుకుంటుంది. సొంతంగా పని చేసే ఆర్టిస్టుకు ఆ కంపెనీ కూడా తానే.

నెలలో పాతిక పనిదినాలు ఉన్నాయనుకున్నా అన్ని రోజులూ డబ్బు వచ్చే గీత గీయడం కుదరదు. ఎవరో ఫోన్ చేసి వివరాలు అడుగుతారు, నాలుగు రోజులు మాట్లాడి మానేస్తారు. రఫ్ స్కెచ్ పంపితే "చూసి చెబుతాం" అంటారు. పాత బాకీ కోసం రెండుసార్లు తిరగాలి. కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి. ఇవన్నీ పోను చేతికి డబ్బు తెచ్చే రోజులు పన్నెండు మిగిలితే అదృష్టం. ఏడాదిలో ఏ ఆషాఢమో ఒక నెల పూర్తిగా ఖాళీ పోతుంది. కాబట్టి పన్నెండు నెలల ఖర్చు, అంటే నాలుగు లక్షల ఎనభై వేలు, పదకొండు నెలల్లోనే సంపాదించాలి. నెలకు నలభై మూడు వేల ఆరొందల పైచిలుకు. దాన్ని పన్నెండు రోజులతో భాగిస్తే రోజుకు 3,636 రూపాయలు.

మామిడి బొమ్మకు నాలుగు రోజులు. తోటకు వెళ్లి చూసి స్కెచ్‌లు గీసుకోవడానికి ఒక రోజు, మూడు రఫ్‌లకు ఒక రోజు, అసలు బొమ్మకు రోజున్నర, ప్రెస్సుకు కావాల్సిన ఫైళ్లు సిద్ధం చేయడానికి ఒక పూట. నాలుగు రోజులకు 14,545 రూపాయలు. ఆమె అడిగింది పదిహేను వేలు.

అటువైపు నుంచీ చూద్దాం. వ్యాపారి ఈ సీజన్‌లో మూడు వేల పెట్టెలు పంపితే, పెట్టెకు అయిదు రూపాయలు. వచ్చే ఏడాదీ అదే బొమ్మ వాడుకుంటే రెండున్నర. అంతకంటే ఎక్కువ ఆయన పెట్టెకు చుట్టే టేపుకు, లోపల పరిచే కాగితానికి ఖర్చు పెడుతుండవచ్చు. హైదరాబాద్‌లో ఆ పెట్టె అందుకున్న ఇల్లాలు ముందుగా చూసేది మాత్రం బొమ్మనే.

"గంటలో వేసేస్తావు కదా" అనే మాట మామిడి సీమలో వినిపించడం నాకు వింతగా ఉంటుంది. కాయ కోయడం ఒక్క పూట పని. ఆ పూట కూలి చూసి తోట ధర కట్టేవాడు నూజివీడు చుట్టుపక్కల ఒక్కడూ లేడు. పూత మీద బేరం చేసినా, పిందె మీద బేరం చేసినా, చెట్టు వయసు, నీటి వసతి, రెండేళ్ల కిందటి కాపు, మంచుకు పూత మాడిపోయిన ఏడాది నష్టం అన్నీ లెక్కలోకి వస్తాయి. ఆర్టిస్టు గంటలో గీసే గీత వెనక పదేళ్లు పాడు చేసిన కాగితాలుంటాయి. ఆ ఏళ్లకు ఎవరూ విడిగా డబ్బివ్వరు, కాబట్టి అవి ప్రతి బొమ్మ రేటులో కొద్దికొద్దిగా కలుస్తాయి.

> ముప్పై అయిదు డాలర్ల గుర్తు
>
> 1971లో అమెరికాలో కరొలిన్ డేవిడ్సన్ అనే విద్యార్థిని ఒక చిన్న బూట్ల కంపెనీకి గుర్తు గీసిచ్చింది. గంటకు రెండు డాలర్ల లెక్కన పదిహేడున్నర గంటలకు 35 డాలర్లు తీసుకుంది. ఆ కంపెనీ నైకీ. ఆ గుర్తు ఇప్పుడు ప్రపంచంలో ప్రతి ఊళ్లోనూ కనిపిస్తుంది. 1983లో కంపెనీ ఆమెను పిలిచి తన వాటాలు కొన్ని, ఆ గుర్తు చెక్కిన ఉంగరం బహూకరించింది. గంటల లెక్కన ఆమెకు అందాల్సింది అందింది. బొమ్మ చేసిన మేలు గంటల్లో ఇమడలేదు.

ఒక్క అచ్చు, వేల గజాలు

జంక్షన్ నుంచి గుడివాడ మీదుగా దక్షిణంగా వెళితే పెడన వస్తుంది. మచిలీపట్నం కలంకారీగా పేరున్న అద్దకం పనికి గుండెకాయ ఆ ఊరు. అద్దకం మొదలయ్యేది చెక్క అచ్చు దగ్గర. డిజైన్‌ను కాగితం మీద గీసి, టేకు చెక్క మీదికి ఎక్కించి, సన్నని ఉలులతో గీత మిగిలేలా చుట్టూ తొలుస్తారు. అంచుగీతకు ఒక అచ్చు, ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. ఈ అచ్చులన్నీ ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. లేకపోతే ఆకు ఒక చోట, ఆకుపచ్చ ఇంకో చోట పడతాయి.

అచ్చు చెక్కినవారికి ఒకేసారి డబ్బు అందుతుంది. ఆ అచ్చుతో ఎన్ని వేల గజాలు అద్దినా మళ్లీ పైసా రాదు. ఆ డిజైన్‌ను ఎవరో ఫొటో తీసి మిల్లులో ప్రింటు కొట్టించి 'కలంకారీ' అని అమ్మితే, అచ్చు చెక్కినవారికీ నష్టమే, అద్దినవారికీ నష్టమే. భౌగోళిక గుర్తింపు ఉన్నా సంతలో ఆ నకిలీ గుడ్డ ఆగడం లేదు.

ఆర్టిస్టు రేటులో చాలామందికి తెలియని రెండో సగం ఇదే. గీసినందుకు ఒక డబ్బు, వాడుకున్నందుకు ఒక డబ్బు. అదే మామిడి బొమ్మ ఇంట్లో గోడకు తగిలించుకోవడానికైతే ఒక రేటు. మూడు వేల పెట్టెల మీదికి ఇంకో రేటు. దేశమంతా అమ్మే జ్యూస్ సీసా మీదికైతే పూర్తిగా వేరే మాట. చేతి పని మూడింటికీ ఒకటే. బొమ్మ తెచ్చిపెట్టే లాభం ఒకటి కాదు.

ఈ సంగతి మనం ఎంతగా మరిచిపోయామో చూడాలంటే ఏ పెళ్లి పత్రికల షాపుకైనా వెళ్లండి. బాపు గీసిన సీతారాములు, బాపు గీసిన వాలుజడ పెళ్లికూతురు ఆల్బమ్‌ల నిండా ఉంటారు. ఆయన చేతిరాతే కంప్యూటర్ అక్షరమైపోయింది. మన దేశ చట్టం ప్రకారం బొమ్మ మీద హక్కు చిత్రకారుడు కన్నుమూశాక కూడా అరవై ఏళ్లు ఉంటుంది. బాపు 2014 ఆగస్టు 31న వెళ్లిపోయారు. అంటే ఆ బొమ్మలు 2074 చివరి దాకా ఎవరిష్టమొచ్చినట్టు వాళ్లు అచ్చేసుకునే సొత్తు కాదు. పత్రిక అచ్చేయించుకునే పెళ్లివారికి ఆ ఊహ కూడా రాదు. ప్రేమతోనే వాడుతున్నారు, నిజమే. ప్రేమ ఉన్నచోట డబ్బు మాట మరుగున పడిపోవడం తెలుగు చిత్రకారులకు కొత్త కాదు.

> చట్టం ఏమంటుంది?
>
> కాపీరైట్ చట్టం 1957లో వచ్చింది. డబ్బిచ్చి పెయింటింగో, పోర్ట్రెయిటో వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు మొదటి హక్కు వేయించుకున్నవారిదే. అందుకే ఆర్టిస్టుకు రాతకోత తప్పనిసరి. హక్కు రాసిచ్చినప్పుడు కాలం చెప్పకపోతే అయిదేళ్లని, చోటు చెప్పకపోతే భారతదేశమని అర్థం.
>
> హక్కు అమ్మేసినా, బొమ్మను పాడు చేస్తే అడిగే హక్కు చిత్రకారుడికి మిగిలే ఉంటుంది. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌కు చేసిన కంచు మ్యూరల్‌ను 1979లో ప్రభుత్వం ఊడదీసి గోదాములో పడేసింది. ఆయన కోర్టుకెక్కారు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు తిరిగివ్వాలని, అయిదు లక్షల పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది.

స్నేహం కోసం వేసిన బొమ్మలు

జంక్షన్ నుంచి ఏలూరు పాతిక కిలోమీటర్ల లోపే. కార్టూనిస్టు, చిత్రకారుడు మోహన్ పుట్టిన ఊరు అది. 2017లో కన్నుమూసేదాకా హైదరాబాద్‌లో ఆయన గది తెలుగు కవులకు, రచయితలకు, ఉద్యమకారులకు అడ్డా. పుస్తకం అచ్చుకు సిద్ధమైతే ముఖచిత్రం కోసం ఆయన దగ్గరికే వెళ్లేవారు. డబ్బు మాట ఎత్తకుండా వేసిచ్చేవారని మిత్రులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఉదారత ముందు చేతులు జోడించాల్సిందే. మన సాహిత్యానికి ఒక ముఖం ఇచ్చిన మనుషులు వాళ్లు.

ఆ ఉదారతను మనం ఆచారం చేసుకోవడం దగ్గరే నాకు బాధ. కవితా సంపుటి వేసుకునే కవి కాగితానికి డబ్బు కడతాడు, ప్రెస్సుకు కడతాడు, బైండింగుకు కడతాడు, ఆవిష్కరణ సభలో శాలువాలు కొంటాడు, వచ్చినవారికి టిఫిన్లు పెడతాడు. ముఖచిత్రం దగ్గరికి వచ్చేసరికి "మనవాడే, వేసిస్తాడు" అంటాడు. లోపలి పేజీలో కృతజ్ఞతల కింద పేరు పడుతుంది, కొన్నిసార్లు అదీ పడదు. మోహన్ తరం వారిలో చాలామందికి పత్రికల్లో జీతం ఉండేది, లేదా సినిమా పని ఉండేది. కాళ్ల కింద జీతం ఉంటే స్నేహానికి గీయొచ్చు. ఇప్పుడు పత్రికల్లో ఆర్టిస్టు ఉద్యోగాలే తగ్గిపోయాయి. వారపత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కథకు బొమ్మ వేయించే అలవాటు పోయి, నెట్‌లో దొరికిన ఫొటో అతికించడం వచ్చింది. జంక్షన్ షాపులోని అమ్మాయి తరానికి కాళ్ల కింద ఆ జీతం లేదు. ఆమె ఉచితంగా వేసిస్తే ఆ ఖర్చు భరించేది ఆమె ఇల్లు.

బయటి దేశాల పని ఆన్‌లైన్‌లో తెచ్చుకోవచ్చు కదా అంటారు. తెచ్చుకుంటున్నారు కూడా. 2010లో అయిదు డాలర్ల పనులతో మొదలైన ఫైవర్ లాంటి వేదికల మీద మన ఊళ్ల పిల్లలు చాలామందే ఉన్నారు. అక్కడ వచ్చిన ప్రతి వందలో ఇరవై ఆ వేదికే కోసుకుంటుంది. మిగిలిన ఎనభై కోసం ప్రపంచం నలుమూలల నుంచీ పోటీ. రాత్రి రెండింటికి మెసేజ్ వస్తే రెండుంపావుకల్లా జవాబివ్వాలి, లేకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది.

"కొంచెం మార్చండి, చిన్నదే"

రేటు పెరగడానికి ఇంకో కారణం ఉంది. ఆర్టిస్టులు పైకి చెప్పరు గానీ అందరి గొంతులోనూ ఉంటుంది.

రఫ్ చూసి "బాగుందండీ" అంటారు. ఫైనల్ పంపాక ఇంట్లోవాళ్లకు చూపిస్తారు. బావమరిదికి రంగు నచ్చదు. పార్ట్‌నర్‌కు కాయ ఎడమవైపు తిరిగి ఉండాలి. వాస్తు చూసే ఆయన ఆకులు కిందికి వేలాడకూడదంటారు. ఒక్కో మాట ఒక్కో రాత్రి వాట్సాప్‌లో వస్తుంది, "చిన్న కరెక్షనే" అన్న మాటతో. కాయను ఎడమకు తిప్పడమంటే వెలుగు పడే వైపు మార్చాలి, నీడ మార్చాలి, తొడిమ మార్చాలి, అంటే మళ్లీ గీయాలి. నాలుగు రోజుల పని ఎనిమిది రోజులవుతుంది, డబ్బు మాత్రం నాలుగు రోజులదే. ఒకసారి చేతులు కాలినవాళ్లు తర్వాతి మనిషికి చెప్పే రేటులో ఆ ఎనిమిది రోజుల భయాన్ని ముందే కలిపేస్తారు. తేటగా మాట్లాడే పెద్దమనిషి కూడా ఎవరో చేసిన కరెక్షన్ల ఖర్చు మోయాల్సి వస్తుంది.

దీనికి మందు సులువైనదే. మొదట్లోనే రెండు కరెక్షన్ల దాకా ఉచితం, ఆపైన ఒక్కోదానికి ఇంత అని రాసుకోవడం. నిర్ణయం చెప్పే మనిషి ఒక్కరే ఉండటం. అడ్వాన్సు సగం ఇచ్చి మొదలుపెట్టించడం. మామిడి తోట గుత్తకు తీసుకునే మనిషి బయానా లేకుండా చెట్టు ముట్టుకోడు. బొమ్మకూ అదే మర్యాద పాటించమని అడగడం అత్యాశ కాదు.

> డబ్బు ఆలస్యమైతే
>
> సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల చట్టం (2006) కింద ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకున్న సూక్ష్మ సంస్థకు, ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా సరే, గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. సేవలు అందించేవారికీ ఇది వర్తిస్తుంది. ఒంటరిగా పని చేసుకునే ఆర్టిస్టులు చాలామంది ఈ నమోదు తమకు కాదనుకుని వదిలేస్తున్నారు.

ఏఐ సంగతీ ఇక్కడే తేల్చుకోవాలి. మనవడి పుట్టినరోజు స్టేటస్‌కు అర నిమిషం బొమ్మ చాలు, దానికి ఆర్టిస్టును పిలవక్కర్లేదు. వ్యాపారం మీద పెట్టుకునే గుర్తు వేరు. 2025 మార్చిలోనే అమెరికాలో ఒక అప్పీలు కోర్టు, మనిషి చేయి లేకుండా యంత్రం ఒక్కటే చేసిన బొమ్మకు అక్కడ కాపీరైట్ లేదని తీర్పు చెప్పింది. అంటే ఎదురు షాపువాడు అదే బొమ్మ తన పెట్టె మీద వేసుకుంటే అక్కడ ఆపడం కష్టం. మన దగ్గర కోర్టుల మాట ఇంకా తేలాల్సి ఉంది. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నాం, పేరు మనదే అని పట్టుబట్టాం. ఆ పేరున్న పెట్టె మీద ఏ దేశపు కాయదో తెలియని ఎర్ర బుగ్గ వేసుకోవడం నాకు సబబుగా తోచదు.

నేర్చుకునేవాళ్లు తగ్గితే

ఒకప్పుడు ప్రభుత్వ సాంకేతిక పరీక్షల్లో డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పాసైతే స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు ఉద్యోగం దొరుకుతుందన్న ఆశ ఉండేది. సెలవుల్లో బోర్డులు, మిగతా రోజుల్లో బడి. పల్లెటూళ్లో పిల్లవాడి చేతిలో నేర్పు ఉందని ముందుగా పసిగట్టేది ఆ మాస్టారే. ఇప్పుడు చాలా బళ్లలో ఆ కుర్చీ ఖాళీ. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం (జేఎన్ఏఎఫ్ఏయూ), కడపలో 2020లో మొదలైన వైఎస్ఆర్ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. అక్కడ నాలుగేళ్లు చదివొచ్చిన పిల్లకు ఊళ్లో మొదట ఎదురయ్యే మాట "చిన్న బొమ్మే కదమ్మా" అయితే, ఆమె తమ్ముడిని ఇంట్లోవాళ్లు ఆ చదువుకు పంపరు. పంపకపోతే పదేళ్ల తర్వాత చిన్న రసానికీ, పెద్ద రసానికీ తేడా గీతలో చూపించగల మనిషి కోసం మనమే వెతుక్కోవాలి.

అమెరికాలో గ్రాఫిక్ ఆర్టిస్ట్స్ గిల్డ్ 1973 నుంచి ధరల పుస్తకం వేస్తోంది. ముఖచిత్రానికి ఎంత, పెట్టె మీది బొమ్మకు ఎంత, ఒక ఊరికి, ఒక దేశానికి, ఏడాదికి, అయిదేళ్లకు ఎంత అన్న అంచనాలు, ఒప్పంద పత్రాల నమూనాలు అందులో ఉంటాయి. కొత్తగా పనిలోకి వచ్చిన కుర్రాడు ఆ పుస్తకం చూపించి మాట్లాడగలడు. నాకు తెలిసి తెలుగులో అలాంటి పది పేజీల కరపత్రం కూడా లేదు. ప్రతి ఆర్టిస్టూ ఒంటరిగా, సిగ్గుపడుతూ, అవతలివారి ముఖం చూసి రేటు చెబుతున్నాడు. ప్రతి కొనుగోలుదారూ మోసపోతున్నానేమోనని అనుమానపడుతున్నాడు.

పెయింటర్లు హోటల్లో కూర్చుని అడుగు రేటు అనుకున్న పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. బొమ్మకు ఇంత, వాడకానికి ఇంత, కరెక్షన్‌కు ఇంత అని మూడు వరసలు చాలు. ముఖచిత్రాలకు, లేబుళ్లకు, గోడ చిత్రాలకు విడివిడిగా రాసుకోవాలి. కొత్త సంవత్సరం రోజుల్లో విజయవాడ పుస్తక మహోత్సవానికి చిత్రకారులు, ప్రచురణకర్తలు, అచ్చాఫీసులవాళ్లు ఎలాగూ ఒకచోటికి వస్తారు. స్టాళ్లు తెరిచేలోపు ఒక మధ్యాహ్నం కూర్చుంటే మొదటి ముసాయిదా తయారవుతుంది. అచ్చేసి ప్రతి ప్రెస్సు బల్ల మీదా ఒకటి పెట్టడానికి అయ్యే ఖర్చు ఒక ఆవిష్కరణ సభలో శాలువాల ఖర్చును మించదు.